రెండవ ప్రతివాది

1887 ఏప్రిల్ 17

రాజమండ్రి కాలేజీలో రెండేళ్ళు చదివి, ఎఫ్.ఏ. పరీక్షలో ఒక్క లాజిక్కులోనే తప్పి, స్వగ్రామం వేంచేశాను. లాజిక్కు తప్పినవాడికే లోకం బాగా అర్థమవుతుందని నా నమ్మకం. ఈ ఊరి కరణమైన మా నాన్నగారికి ఆ నమ్మకం లేదు. సబ్ కలెక్టరు కచేరీలో గుమాస్తా పనికి నా చేత దరఖాస్తు పెట్టించారు. జవాబు వచ్చేదాకా అరుగు మీద కూర్చోవడమే నా ఉద్యోగం.

ఏప్రిల్ 19

కాలవలు కట్టేశారు. ఏటా ఎండల్లో మరమ్మతులకని ధవళేశ్వరం దగ్గర తలుపులు దించేస్తారు. జూన్ దాకా చుక్క రాదు. దొడ్లో నుయ్యి లేనివాళ్ళకి ఇక మంచినీళ్ళ చెరువొకటే గతి. మాదిగపేట వాళ్ళు ఆ చెరువు మెట్టు దిగకూడదు. కుండ గట్టు మీద పెట్టుకుని నిలబడితే ఊరివాళ్ళలో ఎవరో ఒకరు ముంచి పోస్తారు. ఇదీ మా సివిలైజేషన్.

ఈ ఏడు పొయ్యడం లేదు. కారణం డప్పు. అమ్మవారి జాతరకి తాతల నాటి నుంచీ డప్పు కొట్టేది చిట్టియ్య ఇల్లు. ఆ చిట్టియ్య రెండేళ్ళ కిందట మిషన్లో కలిసి ఆశీర్వాదం అయ్యాడు. (నేను పాతపేరుతోనే పిలుస్తాను. కొత్తదానికి నోరు ఎక్కువ తెరవాలి.) ఇక మీదట అమ్మవారికి కొట్టనన్నాడట. జాతరలో డప్పు మోగేదాకా పేటకి నీళ్ళు బంద్ అనీ, ఎవరైనా పోస్తే వాళ్ళకీ వెలేననీ మునసబు బుల్లిరాజుగారు చాటింపు వేయించారు. చాటింపుకీ డప్పే కావాలి కదా. అది లేక వెట్టివాడు ఇంటింటికీ తిరిగి నోటితో చెప్పాడు. భోజనాల దగ్గర పొలమారేటట్టు నవ్వాను.

ఏప్రిల్ 22, ఉదయం

చిట్టియ్య, పెళ్ళాం సూరమ్మ వచ్చి అరుగు కింద నిలబడ్డారు. సబ్ కలెక్టరు దొరకి ఇంగ్లీషులో అర్జీ రాసిపెట్టమన్నారు. కాలవ వదిలేదాకా పేటకి నీళ్ళు పొయ్యమని ఒక్క ఆర్డరు వేస్తే చాలునట. డప్పు కొట్టేస్తే ఆర్డరు అక్కర్లేదు కదా అని లా పాయింటు తీశాను. చెప్పులు కుడతాడట, చచ్చిన గొడ్డుని ఎప్పటిలాగే లాగుతాడట, అమ్మవారికి మాత్రం కొట్టడట. గొంతు పెంచకుండా చెప్పాడు.

మధ్యలో సూరమ్మ ఒక ప్రశ్న వేసింది. కాయితం దేనికి, చినపంతులుగారే, అంటే నేనే, పొద్దుటిపూట గట్టు దగ్గరికొచ్చి నాలుగు కుండలు ముంచి పొయ్యకూడదా అని. దయ వేరు, హక్కు వేరు అని కాలేజీ పద్ధతిలో అరగంట బోధించాను. ఆమె అంతా విని ఖాళీ కుండని ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకుంది.

అదే రోజు, సాయంత్రం

పిటిషన్ పూర్తి. మూడు పేజీలు. ఇటువంటిది గోదావరి జిల్లాలో ఇంతవరకు పుట్టలేదు. మొదటి ప్రతివాది మునసబు. ఆయనొక్కరే అయితే బోసిగా కనిపించింది. అందుచేత ఒకరిని జత చేశాను. రెండవ ప్రతివాది: ఊరి అమ్మవారు. వయస్సు: తెలియదు. వృత్తి: దేవత. నివాసం: పొలిమేర. సదరు ప్రతివాదికి ఎవరైనా చెవి దగ్గర తోలు బాదనిదే నిద్ర లేచే అలవాటు లేదనియు, అది తమరు విచారించవలసిన విషయమనియు. ఇంగ్లీషులో ఇంకా బాగుంది. దొర నవ్వుతాడు. నవ్వినవాడు పని చేసిపెడతాడు. ఇది నా లాజిక్కు.

ఏప్రిల్ 23

చిట్టియ్యకి తెలుగులో చదివి వినిపించాను. రెండవ ప్రతివాదిని దాటేశాను. అతనికి ఆ రసం పట్టదు.

సంతకానికి బదులు వాళ్ళింటి నిశానీ, చెప్పులు కుట్టే ఆరె బొమ్మ. ఈసారి సిలువ గీస్తానన్నాడు. ఇంగ్లీషు కాగితాల్లో చదువురానివాళ్ళందరి నిశానీ అదేనని చెప్పాను. అయితే సర్కారువారు కూడా విశ్వాసులేనా అని అడిగాడు. అవునన్నాను. ఎంత సంతోషించాడో.

మే 2

దొర నవ్వలేదు. అసలు చదవలేదు. విచారణ చెయ్యమని మా సబ్ మేజిస్ట్రేటు జగన్నాథరావుగారికి పంపించాడు. రావుగారు పూజ కానిదే బెంచీ ఎక్కరు. రెండవ ప్రతివాది దగ్గర ఆగి మూడుసార్లు చదివి, మునసబుకి కబురు పెట్టారట. సాయంత్రానికి ఊరంతా మండిపోతోంది. నీళ్ళ మాట ఎవరూ ఎత్తడం లేదు.

ఈ రాత ఏ వెధవదో అని నాన్నగారు అన్నారు. అని, నా వంక చాలాసేపు చూశారు. నేను దూడ వంక చూశాను.

మే 3

మతాన్ని అవమానించినందుకు పీనల్ కోడులో సెక్షనుందట. చిట్టియ్యని పట్టుకుపోయారు.

కంప్లయింటు ఇంగ్లీషులో ఉండాలని బుల్లిరాజుగారు మా అరుగుకే వచ్చారు. మావాడి దస్తూరీ ముత్యాలండీ అన్నారు నాన్నగారు. రాశాను. పోలిక తెలియకుండా అక్షరాలు ఈసారి వెనక్కి వాల్చి, నా పిటిషన్ని నేనే చీల్చి చెండాడాను. బాగా వచ్చింది కూడాను. కింద నలభై ఒక్కమంది రైతులు. వాళ్ళలో సంతకం వచ్చినవాళ్ళు ఏడుగురు. మిగిలినవాళ్ళు ముఖాన బొట్లతో వరసగా వచ్చి, ముప్పైనాలుగు సిలువలు గీసి వెళ్ళారు.

ఇంత మంచి జోకు. ఎవరికీ చెప్పుకోలేను.

మే 6

పేటవాళ్ళు ఎండిన కాలవలో చెలమలు తవ్వుతున్నారు. నీళ్ళు పసుపుగా ఉన్నాయి.

మే 9, మధ్యాహ్నం

కోర్టుకి వెళ్ళాను. నాన్నగారి వెనకాల కూర్చున్నాను.

జాతరలో కొడతానంటే రాజీ చేసుకుంటామని మునసబు అన్నారు. చిట్టియ్య తల అడ్డంగా ఊపాడు. అప్పుడు రావుగారు పిటిషన్లో ఆ ముక్కని తెలుగు చేయించి చదివించారు. అతను దాన్ని వినడం అదే మొదటిసారి. వయస్సు తెలియదు, వృత్తి దేవత. తల తిప్పి జనంలో వెతికాడు. నేను కనిపించాను. పంకా లాగేవాడు తాడు లాగుతూనే ఉన్నాడు.

తరువాత బెంచీ వైపు తిరిగి చెప్పాడు. “అందులో ప్రతి ముక్కా నేను చెప్పిందేనండి.”

రాసిందెవరని అడిగారు. కాకినాడ నడిచిపోయే బాటసారెవరోనండి, పేరు తెలీదండి అన్నాడు. అబద్ధం ఆడకూడదని వాళ్ళ మిషన్లో గట్టిగా చెబుతారు. నా కోసం ఆడాడు.

నేను లేచి అయిదు మాటలంటే సరిపోయేది. నాకు రాబోయే ఉద్యోగం పోయేది, నాన్నగారి కరణీకానికి ఎసరు వచ్చేది. గొంతు సవరించుకున్నాను. అంతే చేశాను.

రెండు నెలలు. కఠినశిక్ష. రాజమండ్రి జైలు.

మే 13

చెలమ నీళ్ళు తాగి చిట్టియ్య కూతురు పాపాయికి వాంతులు, విరేచనాలు. తొమ్మిదేళ్ళ పిల్ల. మా దొడ్లో నుయ్యి ఉంది. ఉందని మాత్రం రాస్తున్నాను.

మే 15, జాతర

రెండవ ప్రతివాది గంపలో ఊరేగింపుగా వచ్చింది. మూగ ఊరేగింపు. పొరుగూరి డప్పువాళ్ళు కూడా రామన్నారట.

చెరువు గట్టు దగ్గరికి వచ్చేసరికి సూరమ్మ ఎదురొచ్చింది. మెడలో డప్పు. చూరులోంచి దింపి, నిప్పు సెగకి కాచి తెచ్చింది. ఆడది డప్పు కొట్టడం ఊళ్ళో ఎవరూ ఎరగరు. కూడునా కూడదా అని పెద్దలు ఎండలో నిలబడి తర్కించుకున్నారు. అమ్మవారూ ఆడదే కదా అని బుల్లిరాజుగారు తీర్పు చెప్పారు. ఆయన లాజిక్కులో నాకంటే నయం.

మూడు గంటలు కొట్టింది. దెబ్బ తప్పలేదు. అమ్మవారి వైపు ఒక్కసారీ చూడలేదు. నీళ్ళ వైపే చూస్తూ కొట్టింది.

ఆపగానే మునసబు తన చేత్తోనే మొదటి కుండ ముంచి పోశారు. అందరూ ఆయన దయని మెచ్చుకున్నారు. నేనూ తల ఊపాను.

మే 22

పాపాయి లేచి కూర్చుని గంజి తాగుతోందట.

ఇవాళ మిషన్ దొర పేటకి వచ్చాడు. విగ్రహానికి డప్పు కొట్టినందుకు సూరమ్మని మూడు నెలలు వాళ్ళ గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకి దూరం పెట్టాడు. ఆమె ఎదురు చెప్పలేదట. పిల్లకి గంజి పొయ్యాలి, వెళ్ళొచ్చా అని మాత్రం అడిగిందట.

ఊరికీ మిషన్ గుడికీ వెలివెయ్యడానికి దొరికింది ఆ ఒక్క మనిషే. దీని మీద వ్యంగ్యంగా ఒక పేజీ రాద్దామని కూర్చున్నాను. కలం కదల్లేదు.

మే 30

కచేరీ నుంచి గుమాస్తా పనికి ఆర్డరు వచ్చింది. మునసబు కంప్లయింటు రాసిన దస్తూరీ ఎవరిదని పైవాళ్ళు విచారించారట. అమ్మ పరమాన్నం చేసింది.

జైలూ కచేరీ ఒకే ఊళ్ళో. ఆశీర్వాదం విడుదల జూలైలో. బజార్లో ఎదురుపడితే దణ్ణం పెడతాడు. అదే నా భయం.

జూన్ 12

కాలవ వదిలారు. పేటవాళ్ళు ఎవరినీ అడక్కుండా ముంచుకుంటున్నారు. సూరమ్మ నిండుకుండతో మా అరుగు ముందు నుంచి వెళ్ళింది. ఆగి, దణ్ణవండి అంది. వెళ్ళిపోయింది.

జూన్ 14

రేపు పడవ. పొద్దున్నే చెరువు మెట్లు దిగి కుండెడు నీళ్ళు ముంచి, గట్టు మీద పెట్టుకుని నిలబడ్డాను. ఎండెక్కేదాకా ఎవరూ రాలేదు. తిరిగి చెరువులోనే పోశాను.