సింహానికి ఉప్పు వద్దు

పిచ్చుకకి అమ్మమ్మ ఆశీస్సులు.

కుక్కకి "కాస్త సిగ్గెక్కువ" అని రాశావు. ముందు ఆ మాట దిద్దుకో. సిగ్గంటే కొత్తవాళ్ళొస్తే తల దించుకోవడం. ఇది కుక్కర్ కూత వింటే మంచం కిందకి దూరి ఆ పూటంతా బయటికి రాదు. మొన్న తన తోక తానే చూసుకుని అదిరిపడింది.

నేనడిగింది కాపలా కుక్కని. పెరట్లో ఆరేసిన దుప్పటి దొంగ పట్టుకుపోయాడు, ఒంటరిదాన్ని, మొరిగే ప్రాణి ఒకటి ఉంటే బాగుండునన్నాను. మీ పరిశోధనశాలలో కుక్కల బుద్ధులు పరీక్షిస్తారు కదా, ఏరి పంపుతావనుకున్నాను. ఏరే పంపావు! నిన్న పాలవాడు గేటు తీస్తే నా వెనక నక్కింది. ఇప్పుడు ఇంటికీ నేనే కాపలా, దానికీ నేనే.

శనివారంలోగా తీసుకెళ్ళు.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క.: దీనికి సింహం అని పేరు పెట్టాను. ఆ పేరు వింటే అదే భయపడుతోంది.

* * *

అమ్మమ్మకి నమస్కారాలు.

ఫోన్లో నీతో నాకు నోరు పెగలదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. సింహాన్ని తిట్టకు. దాని తల్లీ అంతే, అమ్మమ్మా అంతే. మెదడులో భయం సంగతి చూసుకునే భాగం చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతుంది. ఒంట్లో కంగారు పొంగితే తొందరగా దిగదు. నిబ్బరమైన తల్లికి పుట్టిన కుక్క అదే చప్పుడుకి చెవి కదిపి ఊరుకుంటుంది.

మా దగ్గర దీనితో పని అయిపోయింది. పిరికి కుక్కని పెంచుకునేవాళ్ళు దొరకలేదు. నువ్వు పంపేస్తే బతికినన్నాళ్ళూ బోనే.

ఒక్క నెల చూడు. గొంతు తగ్గించి మాట్లాడు. పొద్దునా సాయంత్రం మెల్లగా నడిపించు. ఎలాగూ నీ కంచంలోదే పెడతావు, కూరల్లో ఉప్పు సగం చెయ్యి. మధ్యాహ్నం దాన్ని నిద్రపుచ్చు. నువ్వు పక్కన పడుకుంటేనే అది పడుకుంటుంది.

ఇట్లు,
నీ మనవరాలు

తా.క.: ఉప్పు జీడిపప్పు డబ్బా ఎవరికైనా ఇచ్చెయ్. సింహం మూత తీయగలదు.

* * *

పిచ్చుకకి,

భయం తల్లి నుంచి వచ్చిందన్నావు. ఆ తల్లిని ఒకసారి పంపించు, మాట్లాడతాను. హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నన్నాళ్ళూ అలాంటి తల్లుల్ని చాలామందినే పిలిపించాను.

చివరి బెంచీ దాటి వరండా దాకా వినబడిన గొంతు నాది. దాన్ని కుక్క కోసం మింగాను. ఫలితం విను. నా అరుపులు వినబడటం లేదని పక్కింటి టైలరమ్మ పరుగెత్తుకొచ్చింది.

"పెద్దమ్మా, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉన్నానే" అన్నాను, మెల్లగా. ఆ మెల్లదనానికి ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వీధంతా చాటింది. జనం పళ్ళు పట్టుకొచ్చి పలకరించి పోతున్నారు. మీ మామయ్య సెలవు పెట్టి వచ్చి, నా చెయ్యి పట్టుకుని "అమ్మా, ఏదైనా చెప్పాలనుందా?" అన్నాడు. ఉంది. గట్టిగా చెప్పాలనుంది. కానీ సింహం చూస్తోంది.

చప్పిడి కూడు తిని, కుక్క వెంట వీధులు తిరిగి, పట్టపగలు పడుకుంటున్నాను. నువ్వడిగిన నెల అయిపోయింది. బండి పంపు.

ఇట్లు,
ఇంకా బతికే ఉన్న అమ్మమ్మ

తా.క.: మామయ్య ఏడుస్తుంటే సింహం వెళ్ళి వాడి పాదాల మీద తల పెట్టింది. తనకంటే పిరికివాణ్ణి చూడటం దానికిదే మొదటిసారి.

* * *

అమ్మమ్మకి,

మామయ్య ఫోన్ చేసి నన్ను ఆఖరి చూపుకి రమ్మన్నాడు. కుక్క బెదిరిపోతుందని నువ్వు గొంతు తగ్గించావంటే నమ్మడు. "మనుషుల కోసమే ఎన్నడూ తగ్గలేదు, కుక్క కోసం తగ్గుతుందా?" అంటాడు. మామయ్య మనసు కుదుటపడేలా ఒకసారి డాక్టరుకి చూపించుకో.

శనివారం డ్రైవరుతో బోను పంపుతున్నాను. పుట్టుకతో వచ్చిన బెదురు పూర్తిగా పోదు. నెమ్మదైన ఇంట్లో కాస్త సర్దుకుంటుంది, అంతే. ఇక నీ ఇష్టం.

ఇట్లు,
నీ మనవరాలు

తా.క.: అది దాక్కునేది మంచం కింద, గోడవైపు కోడు పక్కనేనా? అక్కడ చల్లగా ఉంటుంది. నువ్వు అరిచినప్పుడు నేనూ అక్కడే ఉండేదాన్ని.

* * *

ఓసి దొంగా,

డాక్టరు నా చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూశాడు. నమ్మక మళ్ళీ చుట్టాడు. "ఏడాదిగా మొత్తుకున్నా దిగనిది ఇప్పుడు దిగింది! మీ మనవరాలికి చెప్పినవన్నీ పాటించారన్నమాట!"

"ఏం చెప్పారేమిటి?"

"ఉప్పు తగ్గించాలి, రెండు పూటలా నడవాలి, మధ్యాహ్నం కునుకు తీయాలి, అరవకూడదు." జీడిపప్పు ఊసు కూడా ఆయనదేనట.

అక్కడే అరిచేదాన్ని. సింహం ఆయన బల్ల కింద ఉందని ఊరుకున్నాను. అన్ని నిబ్బరమైన కుక్కలుండగా దీన్నే ఎందుకు ఏరావో అప్పుడు తెలిసింది. మందుకి తోక తగిలించి పంపావన్నమాట.

శనివారం మీ డ్రైవరు బోనుని ధడాలున గుమ్మంలో దింపాడు. సింహం మంచం కిందకి పోలేదు. నా కాళ్ళ మధ్య నిలబడి, గజగజ వణుకుతూ, మొరిగింది. తుమ్మినట్టే ఉందిలే. తర్వాత నేను అందుకున్నాను, నెలరోజులు దాచిన గొంతుతో. డ్రైవరు బోను వదిలేసి పరుగు. "పెద్దమ్మ కోలుకుంది!" అని టైలరమ్మ వీధిలోకి పరుగు.

సింహం ఎక్కడికీ రాదు.

ఇక మంచం సంగతి. అప్పట్లో నీ దగ్గరికి బిస్కెట్లు వాటంతటవే నడిచొచ్చేవనుకున్నావా? నీ భయం మీ అమ్మది, మీ అమ్మది నాది. పిల్లలముందు నాకు మంచం కిందకి దూరే వీల్లేక గొంతు పెంచాను.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క.: సింహానికి గోళ్ళు పెరిగాయి. వచ్చేటప్పుడు కుక్క గోళ్ళు తీసే కత్తెర పట్టుకురా. కొట్లోనే చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు నొక్కి చూడు. టక్కుమంటే వద్దు, ఇంకోటి చూపించమను.