జగదల్‌పూర్‌లో కొన్న కార్డు

మంగళవారం, కిరండూల్

ఈ రోజు గని కంట్రోల్ రూమ్ తెర మీద, ఇనుప ఖనిజం మోసే మూడో బెల్టు ఆగినట్టు కనిపించింది. అది ఆగి ఉండగానే కింద అరిగిపోయిన రోలర్ మార్చమని ఫిట్టర్ ముత్తన్నకు వాకీటాకీలో నేనే చెప్పాను. రెండు నిమిషాలకు ఆయన గొంతు వినిపించింది.

"ఏంది మేడం, ఆగిందంటిరి? ఈడ బెల్టు ఉరుకుతాంది! చప్పుడు ఇని చెయ్యి పెట్టలే గని!"

బెల్టు సమాచారాన్ని కంప్యూటర్‌కు తెచ్చే నెట్‌వర్క్ కార్డు చెడిపోయింది. అంతకు ముందెప్పుడో బెల్టు ఆగినప్పటి బొమ్మే తెర మీద నిలిచిపోయింది.

గత నెల నేను రెండు కార్డుల్లో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చింది. దుమ్మునీ వేడినీ తట్టుకునేది విశాఖ నుంచి రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు. ఆఫీసు కంప్యూటర్లలో వాడేది జగదల్‌పూర్‌లో ఆ రోజే దొరికింది. పని ఆగకూడదని అదే తెప్పించాను. ఇనుప దుమ్ము దాన్ని తినేసింది.

సాయంత్రం రిపోర్టులో ఆ ఎంపిక నాదేనని రాశాను. సరైన కార్డు వచ్చేదాకా మూడో బెల్టు నడపవద్దని కూడా రాశాను. మేనేజర్ గారు ఫోన్ చేసి, "కార్డు పాడైందని రాస్తే సరిపోతుంది కదమ్మా, మీ పేరెందుకు?" అన్నారు. మార్చనన్నాను.

ముత్తన్నకు మాత్రం ఆ మాట చెప్పలేకపోయాను. "ఫికర్ చేయకుండ్రి మేడం, నా చెవులు మంచిగనే ఉన్నయ్" అని ఆయన నవ్వాడు. పడుకుంటే ఆ నవ్వే గుర్తొస్తోంది. పొద్దున ఆరింటి షిఫ్టులో ఆయనే ఉంటాడు. ఆ కార్డు ఎవరు ఎంచుకున్నారో ఆయన నా నోటి నుంచే వినాలి.