వీపుకి అందని నూనె

అక్కా,

బాగున్నానని రాస్తే నువ్వెలాగూ నమ్మవు. రోజంతా ఫోన్లో జనం తిట్లు వినే ఉద్యోగం కదా, నిద్ర పూర్తిగా పోయింది. ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి వెళ్లాను. ఆయన నా భుజాలు నొక్కి చూసి, "అందరి కోపం ఇక్కడే దాచుకున్నావమ్మా. పొద్దున్నే గోరువెచ్చటి నువ్వుల నూనె ఒళ్లంతా పట్టించి, ఏ పనీ పెట్టుకోకుండా కాసేపు కూర్చో. ఒళ్లు వదులైతే మనసూ వదులవుతుంది" అన్నాడు.

కాళ్లకీ చేతులకీ బాగానే రాసుకున్నాను. వీపు నడుమకి మాత్రం చెయ్యి అందలేదు. గరిటెతో కూడా ప్రయత్నించాను, నవ్వకు. చివరికి గోడకి నూనె పూసి, దానికే వీపు రుద్దుకున్నాను.

నిన్న ఓనరమ్మ ఆ మరక చూసి, "గోడంతా పాడుచేశావు కదమ్మాయ్!" అని గయ్యిమని లేచింది. అది ఎలా పడిందో చెప్పాను. మరకనీ నన్నూ మార్చి మార్చి చూసి వెళ్లిపోయింది. రోజూ తిట్లు తినే నాకు, ఆవిడ జాలిపడి తిట్టడం ఆపేయడమే ఎక్కువ గుచ్చుకుంది.

చిన్నప్పుడు నా వీపు రుద్దింది నువ్వే. సెలవు దొరికితే ఒక్కసారి రా అక్కా. నూనె నేను వేడిచేసి ఉంచుతాను, నువ్వు చేతులు తెచ్చుకుంటే చాలు.

నీ చెల్లి