వంటింటి గుమ్మం మీది గీత

అమ్మాయీ, ఆశీస్సులు. ఇక్కడ కంగారు పడేదేమీ లేదు గానీ, నేను మీకు వదిలి వచ్చిన మన పాత ఇంటికి రంగులు వేయిస్తున్నానన్నావుగా, ముందు ఆ రంగులు వేసేవాళ్ళను ఆపు.

నిన్న మా వీధిలో ఒక ధర్మసంస్థ వారు ఉచితంగా ఎముకల పరీక్షలు చేశారు. ఎత్తు కొలిచిన నర్సు, “బామ్మగారూ, మీరు చెప్పినదానికన్నా రెండంగుళాలు తక్కువున్నారు” అంది. “తగ్గింది నేను కాదు, నీ కొలబద్ద. ఇంకోటి తే” అన్నాను. తెచ్చింది. అదీ అంతే చూపింది. “మూడోది కూడా తెమ్మంటారా?” అని నవ్వింది. పరీక్షలో నా వెన్నెముక గుల్లబారిందని తేలింది. నొప్పి లేదు కనుక నాకు తెలియనే లేదు. మందులు వాళ్ళే ఇచ్చారు.

ఇది తల్లి నుంచి కూతురికి రావచ్చట. వాళ్ళ పరిశోధన దాని మీదే, అందులో నా పేరు రాయించాను. నిన్నటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

నీ పెళ్ళికి ముందు నిన్ను వంటింటి గుమ్మానికి ఆనించి గీసిన గీత ఉంది కదా, రంగు పడకముందే అక్కడ నిటారుగా నిలబడు. అల్లుడుగారిని చూడమను. అటక మీది సామాను నువ్వు దించకు. రోజూ పాలు తాగుతున్నావా? గీత నీ తలకు పైన కనిపిస్తే నాలాగా కొలతతో పోట్లాడకు, ఆ రోజే పరీక్షకు వెళ్ళు.

మనవరాలికి దీవెనలు. దాని గీత మీద కూడా రంగు పడనివ్వకు.

అమ్మ