కొండమీద గుడి, గుమ్మంలో బూట్లు

దోహా,
12-3-95

అమ్మమ్మకు,

ఈ మహాపాపి చేసిన ఘోరాపచారాన్ని మన్నించమని నీ పాదాలకు మనవి. ట్రైనింగుకని కంపెనీ ఇటలీ పంపితే, పోపుగారుండే రోము చూడకుండా, దీంతో పంపిన బొమ్మలోని కొండమీది పాత పల్లెకు వెళ్ళొచ్చాను.

మన అలవాటున అక్కడి గుడి గుమ్మంలో బూట్లు విప్పాను. అక్కడెవరూ విప్పరట. లోపల ఒక ముసలమ్మ నా చిరిగిన మేజోళ్ళు చూసి, బూట్లు లేని బీదవాణ్ణనుకుని, పక్క తలుపులోంచి ఇంటికి లాక్కెళ్ళి సూప్ పోసింది. "వద్దు మామ్మా, బూట్లు బయటున్నాయి" అని తెలుగులో మొత్తుకున్నాను. ఇంకో గరిటె పోసింది.

ఇక్కడికొచ్చే సైలస్ మామయ్యతో ఎండురొయ్యలు పంపు. కంటి ఆపరేషన్‌కి ఇంకా మొండికేస్తున్నావా? చెల్లీ తెరెసా, ఇది అమ్మమ్మకు గట్టిగా చదువు. అందరికీ స్తోత్రాలు.

ఆ గుడిలో నేను నిజంగా చేసింది ఒక్కటే. నువ్వు ఆపరేషన్‌కి ఒప్పుకున్నావని దేవుడితో చెప్పేశాను. ఇప్పుడు నువ్వు కాదంటే నరకానికి పోయేది నేనే.

నీ రిచర్డు