ఉత్తరానికి బయల్దేరిన బూట్లు

జనవరి 24, శనివారం

బూట్లు వచ్చాయి. లహరి విశాఖ నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చింది, బాలింతరాలు బిడ్డని తెచ్చినట్టు. మంచు మీద జారే ఆటకి తొడుక్కునేవట. స్కీ బూట్లు. ఒక్కొక్కటీ మా వంటింటి రోలంత. పైన ఇనప కొక్కేలు, లోపల మెత్తటి పొర. తొడుక్కొని హాల్లో నడిచి చూపించింది — కొంగ బురదలో దిగినట్టు. బాగుందే అన్నాను. మనవరాలు గదా.

దీని వెనక శాస్త్రం కూడా చెప్పింది. జారే కర్రలు అక్కడ అద్దెకు దొరుకుతాయి. హెల్మెట్టు దొరుకుతుంది, చేతి తొడుగులు దొరుకుతాయి. బూట్లు మాత్రం ఎవరివి వాళ్ళకే — వేడి పెట్టి ఆ పాదానికే అదిమినవి. విమానంలో కింద వేసే లగేజీలో వేశామో, అది దారి తప్పిందో, అంత దూరం పోయి గట్టు మీద కూర్చోవాలి. అందుకని బూట్లు ఎప్పుడూ చేతి సంచిలోనే పెట్టుకోవాలట.

చేతి సంచికి ఏడు కిలోలు. బూట్లు పెడితే ఇక దానిలో చోటుండదు. కాబట్టి హెల్మెట్టూ కోటూ లహరి సంచిలో. బూట్లు నా సంచిలో.

"నీకేటుంటాయి అమ్మమ్మా, నాలుగు చీరలు… అవి కింద వేసేద్దాం."

నిజమే. నాకేముంటాయి.

దసరాకి లహరి అన్న మాట ఇది — కాశ్మీర్‌లో గుల్‌మార్గ్‌కి నువ్వూ రా, నేను ఆడతాను, నువ్వు మంచు చూద్దువుగాని. అప్పటి నుంచి పండగ ముందు పిల్లలా ఉన్నాను. బయటికి కనిపించనివ్వడం లేదు.

జనవరి 25, ఆదివారం

సర్దడం నేర్పింది. బూట్లు పక్కపక్కన పెట్టకూడదు, తలకీ మడమకీ ఎదురుగా పెట్టాలి. కొక్కేలు బిగించేయాలి. ముఖ్యంగా — లోపల ఖాళీ వదలకూడదు. మేజోళ్ళు, తొడుగులు, కళ్ళద్దాలు, అన్నీ బూట్లలోకి కుక్కాలి. పెళ్ళికి పంపే బిందెల్లో లడ్డూలు కుక్కినట్టే. ఇందులో నాకు కొత్తేమీ లేదని చెప్పాను.

మా అమ్మాయి పద్మ, లహరి తల్లి, పక్కనే నిలబడి చూసింది. 

"స్వెట్టరు ఒక్కటి చాలమ్మా. అంత చలేటి ఉండదు" అంది.

మంచు కొండకి స్వెట్టరు ఒక్కటట. భూగోళంలో దీనికి ఎప్పుడూ అత్తెసరు మార్కులే.

జనవరి 26, సోమవారం

బడిలో జెండా వందనం. పాత టీచర్లని పిలిచారు, వెళ్ళాను. నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇన్నేళ్ళు సుద్దముక్కతో హిమానీనదాలు గీసి, చేతికంటిన సుద్దపొడి చూపించి, ఇలాగే ఉంటుందమ్మా మంచు అని ఎన్ని తరాల ఆడపిల్లల్ని మోసం చేశానో చెప్పాను. నవ్వారు. వచ్చేవారం నిజంగా చూడబోతున్నాను, వచ్చి నిజం చెబుతాను అన్నాను.

ఆరో తరగతి పిల్ల ఒకతె లేచింది.

"టీచర్… మంచు సప్పగుంటాదా, ఉప్పగుంటాదా?"

తిని వచ్చి చెబుతాను అన్నాను. అందరి ముందూ. మైకులో.

జనవరి 27

మంకీ క్యాప్ కొన్నాను. అద్దంలో చూసుకున్నాను. దొంగతనానికి పనికొస్తాను.

జనవరి 29, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. 

ప్రయాణం బుధవారం. బుధవారం ఉత్తరానికి వారశూల, ఆ దిక్కుకి బయల్దేరకూడదంటారు. దిక్కులకి శూలలుండవని పిల్లలకి పాఠం చెప్పినదాన్నే, అయినా నమ్మకం లేకపోవడం వేరు, మానేయడం వేరు. మా అమ్మ చేసేది — మంచిరోజు చూసి ప్రయాణపు మూట ఒకటి పక్కింట్లో పెట్టేయడం. ప్రస్థానం పెట్టడమంటారు. అక్కడితో మనిషి బయల్దేరినట్టే లెక్క. మూట మళ్ళీ ఇంటికి రాకూడదు. వెళ్ళే రోజు దారిలో తీసుకుపోవాలి.

చేతి సంచి తీసుకొని పైడమ్మ ఇంటికి వెళ్ళాను. ఇన్నేళ్ళుగా మా రెండిళ్ళకీ గోడ ఒక్కటే. ఆవిడ సంచి ఎత్తబోయి దించేసింది.

"ఏటి టీచరమ్మా, రాళ్ళెట్టినారేటి?"

తీసి చూపించాను. బూట్లని చుట్టూ తిరిగి చూసింది, గేదెని బేరమాడేటప్పుడు చూసినట్టు.

"ఇవి పాప బూట్లు గదా. మరి మీదేటున్నాది ఇందల? బయల్దేరే మనిసి వస్తువెట్టాల గదా పెస్థానానికి."

ఏదీ లేదు. సంచి నాది, లోపల ఒక్క జేబురుమాలు కూడా నాది కాదు. నాకే నవ్వొచ్చింది. పైడమ్మ నన్ను ఊరడించడానికన్నట్టు అంది —

"పోన్లెండి. మీరు డిల్లీ వరకే గదా, ఆ మాత్రానికి సూలేటి తగుల్తాది. మంచుకాడికెళ్ళీది పాప. పాప బూట్లకే ఎట్టినట్టయినాది."

ఢిల్లీ వరకే…?

"ఎవరు చెప్పారు పైడమ్మా?"

"పద్మమ్మేనమ్మా, మొన్న వడియాలెడతా సెప్పినాది. మీ సెల్లెలింటికాడ దించీసి పాప ఎలిపోతాదంట గదా. ఏటి… మీకు తెల్దా?"

తెలుసు అన్నాను. తెలియనట్టు కనిపించడం కంటే అదే నయమనిపించింది.

సంచి అక్కడే వదిలేసి వచ్చాను. పద్మ పెసరట్టు వేసి ఇచ్చింది. తిన్నాను.

జనవరి 30

శూల బూట్లకి తగలదు. శుభం.

జనవరి 31, శనివారం

ఢిల్లీకి ఫోన్ చేశాను. వాతావరణం అడిగినట్టు అడిగాను. చెల్లెలు పొంగిపోయింది — నీ కోసం కింద గది సర్దించానక్కా, లహరి మంచు నుంచి తిరిగొచ్చేదాకా మనిద్దరం హాయిగా…

పక్కింటికి తెలుసు. ఢిల్లీకి తెలుసు. నాకు తప్ప దేశమంతా తెలుసు.

ఫిబ్రవరి 1, ఆదివారం

లహరి సెలవు పెట్టుకొని వచ్చింది. రాగానే "బూట్లేవి అమ్మమ్మా?"

"నాకంటే ముందు బయల్దేరాయి" అన్నాను.

తర్వాత అడిగాను. గట్టిగా కాదు. బియ్యంలో రాళ్ళేరుతూ.

"నా టికెట్ ఎక్కడిదాకానే?"

తల్లి వైపు చూసింది. తల్లి పొయ్యి వైపు చూసింది.

"అది కాదు అమ్మమ్మా… అక్కడ హైటు. నీకు బీపీ. డాక్టర్లు వద్దంటారు."

"ఏ డాక్టరు?"

"…నెట్లో ఉంది."

మన ఊరి డాక్టరు దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్ళి ఎప్పుడో అడిగి వచ్చాను. మాత్రలు మానొద్దు, పరుగెత్తొద్దు, వెళ్ళి రండి అన్నాడు. పరుగెత్తే వయసు కాదన్నాను. అది చెప్పాను లహరికి. గుల్‌మార్గ్ ఎంత ఎత్తో నాకు చెప్పకు, రాయనివాళ్ళకి మార్కులు కోసినదాన్ని అని కూడా చెప్పాను.

"మరి ఢిల్లీ నుంచి ఈ బూట్ల సంచి ఎవరు మోస్తారు?"

మేఘన అట. ఆఫీసు స్నేహితురాలు, ఢిల్లీలోనే ఉంటుందట, అక్కడి నుంచి ఇద్దరూ ఒకే విమానం. మేఘనకీ ఒక చేతి సంచి ఉంటుంది. ఖాళీగా.

అప్పుడర్థమైంది. పూర్వం టపా మోసే రన్నర్లు ఉండేవారు. ఒకడు చెరువు గట్టు దాకా, అక్కణ్ణుంచి ఇంకొకడు. నేను చెరువు గట్టు దాకా.

"నిన్ను సంచి కోసం తీసుకెళ్తున్నానా ఏటి అమ్మమ్మా? పిన్నమ్మమ్మని చూసినట్టూ ఉంటుందని…"

"ఆ మాట దసరాకే అనొచ్చు కదే."

"ఢిల్లీ వరకే అంటే నువ్వు రానంటావని."

అవును. రానందును. అది తెలిసే కదా.

"ఢిల్లీలో కూడా పొగమంచు బోలెడంత ఉంటుంది అమ్మమ్మా."

పొగమంచు మన నెల్లిమర్ల స్టేషన్లో ప్లాట్‌ఫారం టికెట్టుతో చూడొచ్చు అన్నాను. నవ్వబోయింది, నా ముఖం చూసి మానేసింది.

ఫిబ్రవరి 2, సోమవారం

పద్మ వచ్చి మంచం చివర కూర్చుంది. నీకేమైనా అయితే అక్కడ ఎవరున్నారమ్మా, నా భయం నాది… అంది. భయపడితే భయపడు. నాకు చెప్పి భయపడు. పక్కింటావిడకి చెప్పిన మాట నాకు చెప్పడానికి నోరు రాలేదా అంటే ఏడ్చింది. దాని ఏడుపు చూసి నేనే నీళ్ళు తెచ్చి ఇచ్చాను. మోసపోయినవాళ్ళే మంచినీళ్ళు కూడా ఇవ్వాలి కాబోలు.

ప్రయాణం మానేద్దామనుకున్నాను. మానేస్తే? బూట్లు లహరి ఎలాగోలా తీసుకుపోతుంది, కోటు ఒంటి మీద వేసుకొని. మానేసిన ముసలమ్మ ఇంట్లో ఉంటుంది. వీళ్ళకి అదీ సుఖమే. హమ్మయ్య అనుకుంటారు.

ఆ ఆరో తరగతి పిల్ల పేరైనా అడగలేదు. చప్పగా ఉంటుందని ఊహించి చెప్పొచ్చు. ఇన్నేళ్ళూ ఊహించే చెప్పాను.

ఫిబ్రవరి 3, మంగళవారం

మధ్యాహ్నం అందరూ పడుకున్నాక పైడమ్మ ఇంటికి వెళ్ళాను. సంచి తులసికోట పక్కన పెట్టి, మీద తువ్వాలు కప్పి ఉంది. లోపల చెప్పులున్నాయని కొంచెం ఎడంగానే పెట్టింది. భక్తి భక్తే.

కొక్కేలు విప్పాను. లహరి తొడుగులు, మేజోళ్ళు, కళ్ళద్దాలు బయటికి తీశాను. ఎడమ బూటులో నా మంకీ క్యాప్, ఉన్ని మేజోళ్ళు. కుడి బూటులో నా శాలువా, చుట్టి చుట్టి, అడుగు దాకా. పైన చిటికెడు అక్షింతలు, కాగితంలో పొట్లం కట్టి. ఖాళీ వదల్లేదు. నేర్పినట్టే సర్దాను.

పైడమ్మ చూస్తూ నిలబడింది.

"ఇప్పుడేటి, మీరూ బయల్దేరినట్టేనా?"

"నా సామాను బయల్దేరింది. నా సంగతి రేపు చూద్దాం."

"తప్పు నాదేనమ్మా, నోరాగక సెప్పీసేను."

"నువ్వొక్కదానివే చెప్పావు పైడమ్మా."

ఆవిడ లోపలికెళ్ళి బెల్లంముక్క తెచ్చి చేతిలో పెట్టింది. ఇద్దరం గుమ్మంలో కూర్చుని తిన్నాం.

లహరి వస్తువులు మాత్రం పారేయలేదు. కింద వేసే పెట్టెలో, నా చీరల మధ్య పెట్టాను. అంత చెడ్డదాన్ని కాను.

ఫిబ్రవరి 4, బుధవారం

విశాఖ ఎయిర్‌పోర్టు. విమానం ఇంకా పిలవలేదు.

కారు పైడమ్మ ఇంటి ముందు ఆపి సంచి ఎక్కించుకున్నాం. ఆవిడ ఎదురొచ్చింది. పద్మ నా చెయ్యి పట్టుకొని వదల్లేదు, నేను పట్టుకోలేదు.

తనిఖీ దగ్గర సంచి పక్కకి తీశారు. యూనిఫాం అమ్మాయి బూట్లు చూసింది, నా హవాయి చెప్పులు చూసింది.

"ఇవి మీవేనా అమ్మా?"

"సంచి నాది. బూట్లు మనవరాలివి. బూట్లలో ఉన్నవి నావి."

అన్నీ నిజాలే. ఆ అమ్మాయి ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టింది. మంకీ క్యాప్. మేజోళ్ళు. శాలువా పొడుగ్గా వస్తూనే ఉంది, గారడీవాడి రుమాలులాగా. అక్షింతల పొట్లం విప్పి వాసన చూసి మళ్ళీ కట్టింది. పాపం, చాలా శ్రద్ధగా కట్టింది.

లహరి పక్కనే, చెప్పులు తనిఖీకి విప్పి, వట్టికాళ్ళతో.

"నా గ్లవ్స్ ఏవి?" — మొదటి మాట అదే.

"కింద వేశాను. పోతే అద్దెకు దొరుకుతాయన్నావుగా."

ఇంకేదో అనబోయింది. బల్ల మీద మంకీ క్యాప్ ఉంది, ధర చీటీ ఇంకా తీయలేదు. దాన్నే చూస్తూ ఉండిపోయింది. తర్వాత తనే తీసుకొని మడతపెట్టి బూటులో పెట్టింది. కొక్కెం బిగించింది.



అదే రోజు, ఢిల్లీ

విమానంలో సంచి తల మీది అరలో పెట్టారు. దారంతా మేఘాలు. కిటికీ నాకే ఇచ్చింది. పై నుంచి చూస్తే అదే మంచులా ఉంది. కాదని నాకు తెలుసు.

ఇప్పుడు బయటికి పోయే ద్వారం దగ్గర కుర్చీలో కూర్చున్నాను. మేఘన వచ్చింది. పొడుగు పిల్ల, నవ్వు ముఖం. వంగి దండం పెట్టి, నా ఒళ్ళో సంచి కోసం చేతులు చాపింది. దాని తప్పేం లేదు.

ఇవ్వలేదు.

"అమ్మమ్మా, టైమవుతోంది…" అంది లహరి.

"ప్రస్థానం పెట్టిన మూట. దారిలో చేతులు మారకూడదు."

అలాంటి నియమం ఏదీ లేదు. ఇప్పుడే నేను పెట్టాను.

లహరి నా ముందు గొంతుక్కూర్చుంది. చిన్నప్పుడు బడికి పోనని ఇలాగే కూర్చునేది. నన్ను చూసింది, సంచిని చూసింది.

"ఒకవేళ మా విమానంలో సీటు లేకపోతే?"

"అడిగావా?"

లేచింది. అడిగొస్తాను అని వెళ్ళింది.

టికెట్ల కౌంటరు ఇక్కడికి కనిపిస్తూనే ఉంది. వీపు ఇటు. అడుగుతున్నట్టే ఉంది. ఫోన్లో వాళ్ళమ్మతో మాట్లాడుతున్నట్టూ ఉంది. నా దూరపు చూపు కళ్ళద్దాలు పెట్టెలో ఉండిపోయాయి. మేఘన మాటిమాటికీ గడియారం చూసుకుంటోంది. చెల్లెలి కొడుకు బయట కారాపుకొని ఫోన్ చేస్తున్నాడు… మోగనీ.

సంచి ఒళ్ళో ఉంది. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి.

దించను.