తొప్పి మూలిగింది

2009 అక్టోబర్ 14, బుధవారం. చాండ్లర్.

"మణికట్టు నొప్పి కదా, రెస్ట్ తీసుకోండి అంకుల్. వచ్చే వారం శనివారం డాన్స్ ప్రోగ్రామ్‌కి లాప్‌టాప్ మృదంగం పెట్టేస్తాం" అని పోయిన వారం, మృదంగం వాయించే నన్ను ఒక్క ఫోన్‌తో తీసేశాడు తెలుగు సంఘం సెక్రటరీ ప్రసాద్. ఇవాళ వాళ్లింటికి వెళ్లి ఆ మృదంగం విన్నాను. ప్రతి దెబ్బా తలుపు తట్టినట్టు ఒకేలా ఉంది. లాప్‌టాప్‌కి తగిలించిన మ్యూజిక్ కీబోర్డ్ ముందు కూర్చుని, వేలి బలాన్ని బట్టి మోత మారేలా, పక్కనున్న చక్రం తిప్పితే మృదంగం ఎడమ ముఖం, అంటే తొప్పి, శ్రుతి జారేలా సెట్ చేశాను. తొప్పి మూలిగింది.

"ఎలా చేశారంకుల్?"

"నువ్వు కొన్నావు. నేను మాన్యువల్ చదివాను."

"అయితే శనివారం మీరే ఆపరేట్ చేయండి."

"నా మృదంగమే తెస్తాను."

మణికట్టు గంటసేపు నిలుస్తుందో లేదో. మొరాయిస్తే ఆ చక్రమే తిప్పుతాను. తిప్పేది మాత్రం నేనే.